మొలవని వరుస

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? ఒక్క నిమిషం నిలబడి ఇటు వినండి. ఖాజాగూడ గుట్ట కింద, అద్దాల ఆఫీసుల నీడ పడేచోట సున్నం కొట్టిన సమాధి ఒకటుంది కదా, అది యక్షగానం ఎల్లేశానిది. ఆయన కృష్ణుడి వేషం కట్టి గొంతెత్తితే చుట్టుపక్కల ఊళ్ల జనం తెల్లారేదాకా కదిలేవారు కాదు. ఆయన కూతురే పింకీ. హైటెక్ సిటీ కాల్‌సెంటర్‌లో కస్టమర్ చెప్పిన మాటను తిరిగి కస్టమర్‌కే అప్పజెప్పడం ఆమె ఉద్యోగం. ఆ పని ఆమెకు కొత్తేం కాదు. చిన్నప్పటి నుంచీ తాళాలు వేస్తూ నాన్నకు వంత పాడింది తనే. ఆ ఆటలో ఒక కట్టుబాటుంది. వంత ముగించి తాళం కొడితేనే పాటగాడు తర్వాతి వరుస ఎత్తుకోవాలి. వంత ఆగిందా, పాట అక్కడే ఆగిపోతుంది.

ఎల్లేశం బతికుండగానే తన చావు మీద తానే ఒక పాట కట్టుకున్నాడు. చివర్లో తన పేరు పెట్టుకున్నాడు:

మన్నుల ఒరిగి పండుకున్నడు ఎల్లేశమన్న
మన్నుల నుంచే మల్ల మొలిచిండు ఎల్లేశమన్న

తెలంగాణ ఉద్యమం ఊపందుకోగానే ఆయన శిష్యుడు నరేందర్ ఆ పాటను ధూంధాం వేదికలెక్కించాడు. జనం ఊగిపోయారు, టీవీల్లో ఎటు తిప్పినా అదే పాట! కానీ ఎల్లేశమన్న అని ఉన్నచోట నరేందరన్న అని పాడేశాడు. దవాఖానలో మంచం మీదున్న ఎల్లేశానికి అప్పటికే చెవులు సరిగా వినపడవు. టీవీలో శిష్యుణ్ని చూసి మురిసిపోయాడు.

"నా పేరు మంచిగ పాడుతుండా బిడ్డా?"

"మంచిగ పాడుతుండు నాయినా," అంది పింకీ.

ఆ వారమే ఆయన పోయాడు. ఆ అబద్ధం మాత్రం పింకీ గొంతులో ముల్లులా ఉండిపోయింది. నరేందర్ చేసినదానికి పగ తీర్చుకోకపోతే నేను ఆయన బిడ్డనే కాదనుకుంది.

సకల జనుల సమ్మె రోజుల్లో నరేందర్ గురువు సమాధికి దండ వెయ్యడానికొచ్చాడు. వెనకాల టీవీ కెమెరాలు, జై తెలంగాణ అంటూ పెద్ద గుంపు. పింకీ తల్లి కిష్టమ్మ మొహం తిప్పుకుంది.

"వాని మొకం సూడబుద్ది అయితలేదు, ఇంటికి పోదాం పావే."

"నువ్వుండే అమ్మా," అని పింకీ తాళాలు పట్టుకుని నవ్వుతూ ముందుకెళ్లింది. "అన్నా, నాయిన ముంగట ఆ పాట పాడరాదే! వంత నేనే పాడ్త."

"నువ్వడిగితే కాదంటనా చెల్లే!" అంటూ కెమెరా వైపు తిరిగి కండువా సర్దుకున్నాడు నరేందర్.

పాట చివరికొచ్చింది. నరేందర్ నాలుక అలవాటున పరిగెత్తింది: "మన్నుల ఒరిగి పండుకున్నడు నరేందరన్నా!"

వేదికల మీదైతే ఈ వరుస ఈలల్లో కొట్టుకుపోయేది. ఇక్కడ, సమాధి ముందు, ప్రతి మాటా గుట్టకు తగిలి తిరిగొచ్చింది. గుంపులో గంగమ్మ అనే ముసలామె నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో, గిదేందే, బతికున్నోడు తనకు తానే బొంద తవ్వుకుండు!"

పింకీ వంత అందుకుంది. నిదానంగా, ఒక్కో అక్షరం కెమెరాకు అందేలా: "పండుకున్నడు నరేందరన్న... మన్నుల పండుకున్నడు నరేందరన్న..." తర్వాత తాళం కొట్టకుండానే తాళాలు సమాధి మీద పెట్టేసింది.

నరేందర్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. "తాళం కొట్టు చెల్లే."

"ఎందుకన్నా? పండుకున్నవు గద, జర పండుకో. లేపుతే నిద్ర కరాబైతది."

గుంపంతా పగలబడి నవ్వింది. సాయంత్రానికల్లా అదే టీవీల్లో అదే వరుస! పింకీ అన్ని ఛానళ్లూ మార్చి మార్చి చూసింది. కడుపు నిండినట్టనిపించింది.

ఆ తర్వాత ఏ సభకెళ్లినా నరేందర్ గొంతు ఆ వరుస దగ్గర పట్టేసింది. మొలిచే వరుస రానే రాదు. జనం "పండుకున్న నరేందర్" అని పిలవడం మొదలుపెట్టారు. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టర్.

ఒక ఆదివారం మధ్యాహ్నం పింకీ తాళాలు పక్కన పెట్టి సమాధి కడుగుతుంటే నరేందర్ ఒక్కడే వచ్చాడు. కెమెరా లేదు, కండువా లేదు. సమాధి ముందు కూలబడి బొంగురు గొంతుతో పాడాడు: "మన్నుల ఒరిగి పండుకున్నడు... ఎల్లేశమన్న..." కళ్ల నీళ్లు కారిపోతున్నాయి.

"తాళం కొట్టు చెల్లే, నీ కాళ్లు మొక్కుత."

"ముందుగాల మైకుల నాయిన పేరు పాడు, అప్పుడు కొడ్త."

"ముందుగాల గొంతు రావాలె గదనే! నువ్వు తాళం కొడితెనే గొంతొస్తది. గొంతొస్తెనే పేరు పాడ్త. ఒట్టు."

"గొంతొచ్చినంక మల్ల నీ పేరే పాడుకుంటే?"

నరేందర్ తల దించుకున్నాడు.

కొట్టకపోతే ఇతగాడు జన్మంతా మన్నులోనే. కానీ నాన్న పేరూ వాడితోపాటే మన్నులో! కొడితే నాన్న పేరు రాష్ట్రమంతా మోగొచ్చు, లేదా ఈ దొంగే మళ్లీ మొలవొచ్చు. పింకీ తాళాలు చేతుల్లోకి తీసుకుంది. ఆమె చోట మీరుంటే కొడతారా, కొట్టరా?