గడపకు కొట్టిన మేకు

భాద్రపద బహుళపక్షమున ఐరావతీ ముఖప్రాంతమునందలి ఆ మహానగరముపై మేఘములు నీలగజయూథములవలె క్రమ్ముకొని పగటికిని సంజకును గల భేదమును మాపివేయుచుండెను. బౌద్ధాలయముల స్వర్ణశిఖరములు ధూసరవర్ణములై యుండెను. బియ్యపు మిల్లుల పొగగొట్టములనుండి వెడలు ధూమము పైకెగయు సత్తువలేక వర్షభారమున క్రుంగి నదీజలములమీద ప్రాకుచుండెను. తెలుగువారు రంగమని పిలుచుకొను ఆ రంగూను పట్టణమున నదియొడ్డు పల్లములో కళింగతీరమునుండి ఓడలెక్కి వచ్చిన కూలిజనులు వెదురుతడికల యిండ్లలో కాపురముండిరి.

ఆ వాడలో సన్యాసినాయుడను మిల్లుకూలివాని భార్య గవరమ్మ శ్రావణమాసమున ఆడశిశువును కని పురిటిలోనే ప్రాణములు విడిచెను. కూతునకు పురుడుపోయుటకై సముద్రము దాటి వచ్చిన తల్లి సింహాలమ్మ చేతులమీదనే గవరమ్మ చూపు నిలిచిపోయెను. కూతును కాపురమునకు పంపునాడు రేవుగట్టున నిలిచి ఓడ కనుమఱుగగువఱకు చేయియూపిన ఆ తల్లికి ఈ మాఱు చేయియూపుటకు ఓడయును లేదు. ఆమె యట్లు గోడకు జేరగిలబడియుండగనే అల్లుని తల్లి అప్పలనరసమ్మ వేఱొక పనికి పూనుకొనెను. పురిటిలో చచ్చిన స్త్రీ బిడ్డపై మమకారము చావక దయ్యమై తిరిగివచ్చి ఆ బిడ్డను తనతో గొనిపోవునని ఆమె విశ్వాసము. కావున శవము వాకిలి దాటినంతనే గడపలో జానెడు ఇనుపమేకు దిగగొట్టించి కాటినుండి ఇంటివఱకు త్రోవపొడుగునను ఆవాలు చల్లించెను. దయ్యము ఒక్కొక్క గింజను ఏఱుకొనినగాని ముందడుగు వేయజాలదనియు ఏఱుట ముగియకమునుపే కోడికూయుననియు కూసినంతనే మరల కాటికి పోవలసినదేననియు వాడవారందఱి నమ్మకము.

సింహాలమ్మ క్రోధము ఆనాటినుండియు తడికట్టెను పట్టిన నిప్పువలె మండకయు ఆఱకయు పొగయుచుండెను. దానిని రాజవేసినవి పొరుగువారి ఆచారములు. శ్రావణము గడువకమునుపే వీథిమలుపున చీనావర్తకుడొకడు తన అంగడిముందు వేడియన్నమును ఊదువత్తులును ఉంచి కాగితములు తగులబెట్టుచుండుట ఆమె చూచెను. అది ఎవరికని విచారింపగా దిక్కులేక చచ్చినవారికనియు ఆ నెలయంతయు పరలోకపు వాకిళ్లు తెఱచియుండుననియు ఆకలితో తిరుగు ప్రేతములకు మీరెవరివారని అడుగక పెట్టుట తమ యింటి ఆచారమనియు అతడు చెప్పెను. తడికకు ఆవలియింట నుండు మా తిన్ అను బర్మాముదుసలి మిల్లులో తెలుగుకూలీలనడుమ పనిచేసి వారి మాట నేర్చినది. ఆమె యొకనాడు ఆ మేకువంక చూచి దిగ్భ్రమ నొందెను.

"సచ్చినోలు దారి తెలీక తిరుగుతారు సింహాలమ్మా. మాకాడ ఏడు రోజులు తలుపెయ్యం. దీపమెట్టి, ఇదే నీ ఇల్లు, రా తల్లీ అని పిలుస్తాం. ఆనక మా సాములొచ్చి నెమ్మదిగా సాగనంపుతారు. మీరేటి, మేకు కొట్టీసినారు?"



ఇట్లుండ మహాలయ అమావాస్య వచ్చెను. శ్రావణమున చల్లిన ఆవాలు ఎడతెగని వానలో మొలకెత్తి మోకాలెత్తు పెరిగి కాటినుండి ఆ యింటి వాకిటివఱకు త్రోవకిరువంకలను పసుపుపచ్చని పూలు పూచియుండెను. దయ్యమునకు అడ్డుగా వేసినది దయ్యమునకు దారిచూపుచున్నట్లుండుట చూచి అప్పలనరసమ్మ గడగడ వడకెను.

"ఒలమ్మో! పూలదారి ఏసుకుని మరీ వచ్చేస్తన్నాది. పీకండర్రా పీకండి!"

వాకిటిలో మొక్కలు పెఱుకుచుండగా లోపల సన్యాసినాయుడు పెద్దలకు పెట్టుటకై అరటియాకులు పఱచి గారెలును పరమాన్నమును వడ్డించుచుండెను. సింహాలమ్మ లేచి వచ్చి ఆ యాకులయెదుట నిలిచెను.

"ఎవులికి బాబూ ఈ ఆకులు?"

"మా తాతకి, మా అయ్యకి అత్తా."

"తాగొచ్చి పెళ్ళాన్ని సావగొట్టిన మీ తాతకి గారెలా? నీ కూనని కని సచ్చిన నా గుంటకి మేకా?"

అప్పలనరసమ్మ శిశువును రొమ్మునకదుముకొని అడ్డము వచ్చెను.

"నోరు ముయ్యి వొదినా! పెద్దలొస్తే దీవించి ఎల్తారు. అదొస్తే కూనని ఒగ్గదు. నీ కూతురెలాగా పోనాది. నా మనవరాలు కూడా పోవాలా?"

"నా కూతురేటి, దొంగా? బతికున్నన్నాలూ మిల్లుకాడ బియ్యంలో రాల్లేరించినారు. సచ్చినాక ఆవాలేరుకోమంతారా? ఊరూపేరూ లేని దెయ్యాలకి ఆ సీనావోడు కూడెడతన్నాడే, కోడలికి ఒక ఆకు ఎయ్యడానికి మీకు సేతులు రాలేదా?"

ఇట్లనుచు ఆమె గడపయొద్ద కూలబడి మేకుతలను వట్టిచేతులతో పట్టి లాగసాగెను. వాననానిన కొయ్యలో త్రుప్పుపట్టి బిగిసిన ఇనుము కదలలేదు. వ్రేళ్లు చిట్లి నెత్తురు గడపపై కాఱెను. చూచిచూచి సన్యాసినాయుడు చేతిగరిటె క్రింద పెట్టి గునపము తెచ్చి ఆమె ప్రక్కన మోకరిల్లెను.

"వొద్దురా! కూన ఉసురు తీత్తావురా!" అని తల్లి ఒక చేత నెత్తి బాదుకొనెను.

"అమ్మా, బతికుండగా అది నన్నేటీ అడగలేదే" అని మాత్రమే అతడు పలికి మేకును పెల్లగించి నదివంకకు విసరివైచెను.

అప్పలనరసమ్మ శపించుచు లోపలిమూలకు పోయి శిశువుపై చెఱగు కప్పి కూర్చుండెను. సింహాలమ్మ గడపవెలుపల ఒక యాకు పఱచి నెత్తుటిచేతులతోనే అన్నము వడ్డించి కూతును పేరుపెట్టి పిలిచెను. అమ్మమ్మ గొంతు విని కాబోలు లోపల శిశువు గుక్కపట్టి ఏడ్వసాగెను. త్రోవ చివరవఱకు మనుష్యమాత్రుడు లేడు. దయ్యమును లేదు. గాలి తడికనైనను కదపలేదు. ఎవరు వత్తురని ఒకతె వడకెనో ఎవరు వత్తురని ఒకతె నెత్తురోడ్చెనో వారు రాలేదు. ఆ శూన్యమును జూచినపుడు సింహాలమ్మకు వియ్యపురాలిమీది క్రోధము జాఱిపోయి అంతకంటె ఘోరమైన వేఱొక క్రోధము ఉప్పొంగెను.

"ఏమే గవరా! మేకు తీసీసినాం, ఆకేసినాం, ఇంకేటే నీకు? పిల్ల గొంతెండిపోతంది, ఇనబడ్నేదా? నాను సవుద్రం దాటొచ్చినాను, నువ్వీ సందు దాటి రాలేవా? సిన్నప్పుట్నుంచీ ఇంతే, పిలిస్తే పలకవు. రాయే! కూడు సల్లారిపోతంది, రాయే!"

ఆకులోని అన్నము వానకు మెతుకు మెతుకుగా చెదరి వాకిటినీటిలో కొట్టుకొనిపోవువఱకును ఆ తల్లి తిట్టుట మానలేదు.