కండక్టరు గారి కుక్క

మా మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నడిచే బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. ఉద్యోగమంతటిలో ఒక్కసారి కూడా తూలలేదని ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతారు. అలాంటాయన మోకాలి ఆపరేషన్ అయ్యాక కుర్చీకి అతుక్కుపోయారు. రోజూ నడవకపోతే కాలు కొయ్యబారిపోతుందని, ఆ తర్వాత తను కూడా ఏమీ చేయలేనని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఈయనేమో "నొప్పమ్మా" అనే ఒక్క ముక్కతో అందరి నోళ్లూ మూయిస్తారు. మా ఆయన కాసేపు బతిమాలి చేతులు దులుపుకున్నాడు. ఇక మిగిలింది నేను. నా కుట్టుపని పక్కన పెట్టి ఆయన్ని నడిపించే పనే కాక, ఆయన పెంపుడు కుక్కని తిప్పే పని కూడా నా నెత్తినే పడింది.

కుక్క పేరు పాసు. టికెట్టు లేకుండా ఊరంతా తిరుగుతుందని ఆయనే పెట్టారు. కూర్చో, రా, వద్దు లాంటి మాటలు దానికి తెలియవు. ఆయన నేర్పింది కండక్టరు చదువు. ఒక విజిల్ వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. అంతకు మించి దానికి లోకజ్ఞానం లేదు.

ఆ ఆదివారం ఇద్దరినీ కారులో వేసుకుని పక్షుల రక్షణ కేంద్రానికి తీసుకెళ్లాను. గొలుసు వేస్తే అక్కడ కుక్కల్ని రానిస్తారు. చెరువు వెంబడి చదునైన బాట, మధ్యమధ్యలో బెంచీలు. ఇక్కడైనా నాలుగడుగులు వేస్తారని నా ఆశ. ఆయన గేటు పక్కనే మొదటి బెంచీ మీద కూలబడి, "మీరు వెళ్లిరండి. నేను కొంగల్ని చూస్తుంటా" అన్నారు. అక్కడ కొంగ కాదు కదా, కాకి కూడా లేదు.

"పోనీ, ఆ చెట్టు దాకా రండి మామయ్యా."

"నొప్పమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. పాసుని లాక్కుని విసవిసా నడిచాను.

కొంత దూరం వెళ్లామో లేదో, వెనక నుంచి జనాన్ని తిప్పే బ్యాటరీ బండి వచ్చింది. దారి ఇమ్మని దాంట్లోని గార్డు విజిల్ వేశాడు. ఒకటే. పాసు బాట నడిమధ్యన బిగుసుకుపోయింది. గొలుసు లాగాను, కదలదు. గార్డుకి కోపమొచ్చి మళ్లీ ఊదాడు, ఈసారి పొడుగ్గా.

"ఊదకండి బాబూ! మీరు ఊదేకొద్దీ అది ఆగిపోతుంది."

"మరి ఎలా కదుల్తుందమ్మా?"

"రెండు ఊదాలి."

నోరు మూసుకుని ఉండాల్సింది. అతను రెండు ఊదాడు. పాసు ఒక్క ఉదుటున పరుగు లంకించుకుంది. గొలుసు నా మణికట్టుకి చుట్టి ఉంది కాబట్టి నేనూ పరుగెత్తాను. గార్డు కంగారుపడి ఇంకోటి ఊదాడు. పాసు టక్కున ఆగింది. నాకు బ్రేకులు లేవు. దాన్ని దాటి, బాట దిగి, చెరువు ఒడ్డున బురదలో బోర్లా పడ్డాను.

బండి నిండా జనం. ముందు ఒక పిల్ల కిసుక్కుమంది, ఆ తర్వాత అందరూ పగలబడి నవ్వారు. గార్డు మొహం పక్కకి తిప్పుకున్నాడు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. లేచి చూసుకుంటే ముక్కు నుంచి మోకాళ్ల దాకా బురదే. ఆ అవతారం చూసుకున్నాక నాకూ నవ్వాగలేదు. "చూశారుగా, ఇక బయల్దేరండి" అన్నాను. ఎవరో చెయ్యి ఊపారు. బండి వెళ్లిపోయింది.

అంతలో వెనక ఆయాసం వినిపించింది. మామగారు. మొదటి విజిల్ వినగానే లేచినట్టున్నారు, కర్ర ఊనుకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ వచ్చేస్తున్నారు. గేటు పక్క బెంచీ ఎక్కడో వెనక ఉండిపోయింది. నేను ఆ మాట ఎత్తలేదు, ఎత్తితే అక్కడే చతికిలబడతారని భయం.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదు మామయ్యా."

"అందరూ నవ్వారు."

"నవ్వారు."

"తర్వాత?"

"తర్వాతేముంది, వాళ్ల దారిన వాళ్లు పోయారు."

ఆయన బండి వెళ్లిన వైపు చూశారు.

"పడితే ఇంతేనా?" అని అడిగారు, పసివాడిలా.

నొప్పి వట్టి సాకన్నమాట. ఈ పెద్దమనిషి ఇన్నాళ్లూ భయపడింది నలుగురిలో పడిపోతానని. నాకు కోపమూ జాలీ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుందామంటే చేతులనిండా బురద.

"ఇంతే మామయ్యా."

ఆయన కర్ర సర్దుకున్నారు.

"అయితే ఆ వంతెన దాకా వెళ్దాం పద. నేను పడితే నువ్వు కూడా నవ్వేయ్."