కట్టు కింద తంబాకు

మనవరాలు సంజన పాఠ్యపుస్తకం చివరి పేజీల్లో కొత్త మాటలకు అర్థాలు ఉంటాయి. నేను బడికి పోలేదు. బీడీ కట్టల మీది కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ మధ్యాహ్నం వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతున్నాను.

బాక్టీరియా: కంటికి కనిపించని ఏకకణ జీవులు. చాలావరకు హాని చేయవు, కొన్ని రోగాలు తెస్తాయి. సిద్ధబీజం: కొన్ని బాక్టీరియాలు మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి దాగి ఉండే గట్టి రూపం. టాక్సిన్: బాక్టీరియా విడిచే విషం. దానివల్ల వచ్చే జబ్బుకు ఉదాహరణ ధనుర్వాతం. గాలి తగలని లోతైన గాయంలో సిద్ధబీజాలు మేల్కొంటాయి. దవడలు, మెడ బిగుసుకుంటాయి.

నా వేలు అక్కడే ఆగిపోయింది.

రెండు రోజుల కింద కోడలు అనిల కాలిలో పశువుల కొట్టంలోని తుప్పు మేకు దిగింది. మా ఇళ్లలో వేలు తెగినా, కాలు తెగినా బీడీలో నింపే తంబాకే మందు. నేనే తంబాకు కూరి, గుడ్డ చుట్టి, బీడీ దారంతో బిగించాను.

నా తొలిచూలు బిడ్డ కళ్ల ముందుకొచ్చాడు. మంత్రసాని బొడ్డు కోసి తంబాకు నుసి అద్దింది. ఏడో రోజు పాలు తాగలేదు. నోరు తెరవలేదు. ఒళ్లు విల్లులా వంగింది. గాలి సోకిందన్నారు. యాభై ఏళ్లు అదే నమ్మాను.

"అనిలా, నోరు తెరువు బిడ్డా!"

"ఏమైంది అత్తమ్మా?"

"ముందుగాల తెరువు!"

తెరిచింది. "చాలా? ఇన్నేండ్లు నోరు మూసుకోమన్నవు, ఇయ్యాల తెరువుమంటున్నవు" అని నవ్వింది. నేను ఆమె చెయ్యి పట్టి లేపాను.

ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డి ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ కట్టు విప్పి, "తంబాకు ఎవరు పెట్టిన్రు?" అంది.

"నేనే పెట్టిన."

ఆమె తిట్టలేదు. గాయం తెరిచి కడిగింది. రెండు సూదులు వేసింది. "మూడు వారాలు చూడాలె అవ్వా. విషం నరాలకు పట్టినంక వెనక్కి తీసే మందు లేదు."

వారం గడిచాక ఒక పొద్దున అనిల మెడ పట్టేసిందంది. "బీడీలు చుట్టెటోళ్లకు మెడ నొయ్యదా అత్తమ్మా? రోజూ ఉండేదే గదా" అంది. నేను వినలేదు. బీడీల చేట పక్కకు నెట్టి మళ్లీ బస్సెక్కించాను. దారంతా ఏదో ఒకటి అడుగుతూ మాట్లాడిస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ సన్నటి చెక్క పుల్ల తీసింది. "గొంతుల తాకిస్త. పుల్లను కరిచి పట్టుకుంటే అనుమానమే. కక్కొచ్చినట్టయితే మంచిదే."

నేను కళ్లు మూసుకున్నాను.

అనిల ఓక్‌మంది.

"ఇయ్యాల్టికైతే భయం లేదు" అంది డాక్టరమ్మ.

కొంగుతో కోడలి మూతి తుడిచాను. "ఇంకొక్కసారి పుల్ల పెట్టి చూడమ్మా" అని బతిమాలాను.