మట్టి పూత కింద తారీఖు

ఆ రోజు నూతన్ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: వరండాలో కూచుని చేటలో శనగలు చెరుగుతున్న అత్తగారు, లూధియానా నుంచి సెలవు మీద వచ్చి మంచం మీద వాలి ఫోను చూసుకుంటున్న భర్త లలన్, గోడవారగా చాప మీద ఆడపడుచు రంజు, రంజు ఒళ్లో తల పెట్టుకున్న నాలుగేళ్ల కూతురు మిఠ్ఠూ, పెరట్లో గేదె, దాని దూడ. ఇళ్ల గోడలకి ఈగల మందు కొట్టే జట్టు రాకముందే ఇంటింటి ఫారం నింపి ఉంచడం ఆశా కార్యకర్త పని. కమలా నది గట్టు కింది ఈ టోలాలో మొత్తం పన్నెండిళ్లు. నూతన్ తన ఇంటితోనే మొదలుపెట్టింది. ‘రాత్రి ఈ ఇంట్లో పడుకునేవారు’ అన్న గడిలో నాలుగు అని రాసింది.

రంజు మెడ చాచి చూసి నవ్వింది. “భౌజీ, నువ్వు రాత్రిళ్లు గేదెతో పడుకుంటున్నావా?”

నూతన్ గతుక్కుమని నాలుగును కొట్టేసి ఐదు వేసింది. ఐదేళ్లుగా ఊరందరి లెక్కలూ రాస్తున్న చెయ్యి, సొంతింట్లో తనని రాసుకోవడం మరిచిపోయింది. ఇంట్లో మిగతావాళ్లెవరికీ అది తప్పని తోచనందుకు ఆమెకు నవ్వొచ్చింది. ఒక్క రంజుకే తోచింది. పదిహేనేళ్ల పిల్ల, కాలా ఆజార్ జ్వరంతో రెండు నెలలు మంచంలో కరిగి, పొట్టలో ప్లీహం కొబ్బరికాయంత అయి, పోయిన ఏడాది చివర ఆసుపత్రిలో సూది మందు ఎక్కించాక బతికి బయటపడింది. ఇంకా మణికట్లు పుల్లల్లాగే ఉన్నాయి.

తర్వాతి గడి: ‘క్రితంసారి మందు కొట్టిన తారీఖు. గుమ్మం పక్క గోడ మీద గుర్తు చూసి రాయాలి.’ గుమ్మం పక్కన ఏ గుర్తూ లేదు. నున్నటి మట్టి గోడ, అంతే. దీని మీదే ఇన్‌స్పెక్టర్ బాబు పోయిన మీటింగులో అందరి ముందూ అరిచాడు. “గుర్తు లేదంటే మందు కొట్టలేదని. కొట్టని మందు ఏ పొలంలోకి పోయింది?” మందు కొట్టే జట్టువాళ్లు తలలు దించుకున్నారు. కానీ వాళ్లు వచ్చారు. ఆ రోజు బిందెలు, బియ్యం డబ్బాలు, పరుపులు, పెట్టె అన్నీ నూతన్ ఒక్కతే బయటికి మోసి, మళ్లీ సాయంత్రం లోపలికి మోసింది. ఆ బరువు ఆమె భుజాలకింకా గుర్తుంది.

ఏం రాయాలో తోచక గోరుతో గోడని గీకింది. పొంగిన రొట్టె మీద పొరలాగా మట్టి పెచ్చు ఒకటి ఊడి చేతిలో పడింది. దాని కింద తెల్లటి మందు చారలు. ఆ తెలుపు మీద ఎర్రమట్టితో రాసిన అంకెలు. పదిహేడు, మూడు.

నూతన్ చేతిలో పెచ్చుని ఎండలోకి తిప్పింది. దాని మీద అలికినప్పటి నాలుగు వేళ్ల జాడ. చిటికెన వేలి జాడ వంకరగా ఉంది. చిన్నప్పుడు రోకలి కింద నలిగి వంకరపోయిన వేలు ఈ టోలాలో ఒక్కరికే ఉంది.

పదిహేడో తారీఖు మందు కొట్టారు. నాలుగు వారాలకి జూడ్‌శీతల్, కొత్తేడు నాడు పెద్దలు చిన్నవాళ్ల నెత్తిన చల్లనీళ్లు పోసి దీవించే పండగ. “తెల్ల మచ్చలు పడ్డ గోడల మధ్య కొత్తేడు నీళ్లు పోసుకుంటామా? కోడలున్న ఇల్లేనా ఇది, కనియా?” అంది అత్తగారు. ఏడేళ్లయినా కోడలు ఆమెకి కనియాయే, కొత్తపెళ్లికూతురే. నూతన్ గట్టు నుంచి మట్టి తెచ్చింది, పేడ తెచ్చింది, ఊక కలిపి నానబెట్టి తొక్కింది, నాలుగు గోడలూ కిందినుంచి పైదాకా మెత్తింది. కాలా ఆజార్ తెచ్చే ఇసుక ఈగ కుట్టాక గోడ మీద వాలుతుందనీ, గోడ మీద మందు తగిలి చస్తుందనీ శిక్షణలో చెప్పారు. ఈగ ఎలా ఎగురుతుందో, ఎంత ఎత్తు ఎగురుతుందో, ఎక్కడ గుడ్లు పెడుతుందో బొమ్మలు వేసి చూపించారు. గోడని ఎవరు ముట్టుకుంటారని మాత్రం ఎవరూ అడగలేదు. మందు మీద రొట్టె మందాన మట్టి కప్పింది ఆమే. ఈగలు హాయిగా ఆ మట్టి మీద వాలాయి. కార్తీకంలో రంజుకి జ్వరం వచ్చింది.

కళ్లలో నీళ్లు తిరగాల్సింది. తిరగలేదు. ఫారాలు చంకలో పెట్టుకుని వీధిలోకి దూకినట్టుగా వెళ్లింది.

“కనియా, శనగలెవరు వేయిస్తారు?” అని వెనక నుంచి అత్తగారి గొంతు.

రెండో ఇంటి గుమ్మం పక్కన గీకింది. పెచ్చు ఊడింది. పదిహేడు, మూడు. మూడో ఇల్లు. నాలుగో ఇల్లు. “ఆశా దీదీకి పిచ్చెక్కింది, ఇళ్లు తవ్వుతోంది” అన్నారు. పదకొండు ఇళ్లలో పదకొండు పెచ్చులు, ప్రతి దాని కిందా తెలుపు, ప్రతి దాని మీదా ఎవరో ఒక కోడలి వేళ్లు. పన్నెండోది బుధ్నీ ముసలమ్మది. అక్కడ గీకే పనే లేదు. గోడ తెల్లటి చారలతో అలాగే ఉంది. తారీఖు కూడా అలాగే ఉంది, దాని కింద అంతకుముందు ఏడాది తారీఖుతో సహా.

“దాదీ, మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద జ్వరం వచ్చిందా?”

“నాకు రావాల్సిన రోగాలన్నీ మోకాళ్లకే వచ్చాయి. మనవరాళ్లు ముగ్గురూ రాళ్లు తిని అరిగించుకుంటారు.”

“గోడలు అలకలేదేం?”

“ఎవరు అలుకుతారు? కోడలు కాన్పులో పోయె. నా గోడ చూసి టోలా అంతా ముక్కు విరవడం నీకు తెలీదా? రాసుకో నీ కాయితంలో, కోడలు లేని కొంప అని.”

నూతన్ నిజంగానే రాసుకుంది. రెండేళ్లలో టోలాలో తొమ్మిది జ్వరాలు. కోడళ్లున్న ఇళ్లలో తొమ్మిది. కోడలు లేని కొంపలో సున్నా. ఇంత పెద్ద సంగతి ఇంతకాలం పేడనీళ్ల కింద దాక్కుంది, దాన్ని తను గోరుతో తీసింది.

మర్నాడు బ్లాకు ఆసుపత్రిలో మీటింగు. మీటింగంటే డాక్టరు గారు, ఇన్‌స్పెక్టర్ బాబు, ఇద్దరు గుమాస్తాలు బల్ల చుట్టూ కూచుంటారు, ఆశాలు గోడకి ఆనుకుని నిలబడతారు. టీ ఇచ్చే మనిషి రాని రోజు వాళ్లలో ఒకరు టీ పోస్తారు. ఆ రోజు నూతన్ వంతు. ట్రే పట్టుకునే చెప్పింది.

“సార్, తారీఖు ఉంది సార్. మట్టి కింద ఉంది. మేం అలికేశాం.”

“ఎవరు అలకమన్నారు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ బాబు.

ఊపిరి తీసుకోమని ఎవరు చెప్పారంటే ఏం చెబుతాం. ఆయన బల్ల మీద పెద్ద కాయితం ఉంది. ఎన్ని ఇళ్లు, ఎన్ని గదులు, ఎన్ని లీటర్లు, ఎన్ని పంపులు అన్నిటికీ గడులున్నాయి. పదకొండిళ్లలో పదకొండుమంది ఆడవాళ్లు మట్టి మోసి, తొక్కి, నడుములు వంచి చేసిన పనికి అందులో గడి లేదు. లేని పని మందుని ఎలా కప్పేస్తుంది?

“ఆడవాళ్ల అలుకులూ ముగ్గులూ ఇక్కడికెందుకు తెస్తావమ్మా” అన్నాడు డాక్టరు గారు కప్పు అందుకుంటూ. “చక్కెర తక్కువైంది.”

అప్పుడు తలుపు దగ్గర స్టూలు మీద కూచున్న నర్సు శశికళా దీదీ లేచింది. ఇరవయ్యెనిమిదేళ్లుగా టీకాల పెట్టె భుజాన వేసుకుని ఈ ఊళ్లన్నీ నడిచిన మనిషి. నూతన్ చేతిలోంచి ట్రే తీసుకుంది. “టీ నేను పోస్తా. నువ్వు రెండు చేతులూ ఖాళీ పెట్టుకుని చెప్పు.”

ఖాళీ అయిన చేతులతో నూతన్ కొంగు ముడి విప్పి పన్నెండు కాయితాలు, ఆ వేళ్ల జాడ ఉన్న పెచ్చు బల్ల మీద పెట్టింది. చెబుతూ ఉంటే తన గొంతు తనకే కొత్తగా వినబడింది, ఎవరో చదువుకున్న మనిషి మాట్లాడుతున్నట్టు. బుధ్నీ ఇంటి సంగతి వచ్చేసరికి డాక్టరు గారు కప్పు కింద పెట్టాడు.

“బాగానే ఉంది” అన్నాడు. “అయితే ఈసారి మందు కొట్టాక మూడు నెలలు అలక్కుండా ఆపించు. నీ టోలాలోనే. అప్పుడు చూద్దాం.”

ఆపించు అనడం తేలిక. మందు ఈసారి ఆలస్యంగా వస్తోంది, పండగకి సరిగ్గా వారం ముందు.

బోరింగు పంపు దగ్గర కోడళ్లందరికీ చెప్పింది. వాళ్ల పేర్లు టోలాలో ఎవరికీ తెలియవు. పుట్టింటి ఊరి పేరుతోనే పిలుపు. నూతన్ రిజిస్టరులో మాత్రం పేర్లుంటాయి. విభ, అంటే సౌరాఠ్‌వాలీ, బిందె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఇంకోసారి చెప్పు. సర్కారు మనల్ని పని చెయ్యొద్దందా?”

“మూడు నెలలు గోడలు అలకొద్దంది.”

“రొట్టెల సంగతి కూడా ఏమైనా అందేమో చూడు, కాయితం వెనకపక్క.”

అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మొదట నవ్వు ఆపింది విభే. “మా అత్త ఊరుకోదు. బయటికి గెంటి తలుపేస్తుంది.”

“గెంటితే గెంటనీ” అంది నూతన్. ఆ మాట తనే అన్నదని నమ్మడానికి ఆమెకి క్షణం పట్టింది. “అలికేది పండగ ముందురోజు. పండగనాడు పొయ్యి వెలిగించకూడదు. అన్నం, వడియాల పులుసు, అన్నీ ఆ ముందురోజే వండిపెట్టాలి. మనం బయట కూచుంటే వండేదెవరు? ఎంతసేపు మూస్తారు తలుపు?”

విభ ఆమెని తేరిపార చూసింది. “మీటింగుల్లో ఇవి కూడా నేర్పుతారా?”

మంగళవారం మందు కొట్టారు. నూతన్ సామాను బయటికి మోసింది. ఈసారి లలన్ని లేపి పెట్టెకి రెండో చివర పట్టించింది. గోడలన్నీ తెల్లటి చారలయ్యాయి. గుమ్మం పక్కన కొత్త తారీఖు పడింది. ఆ వారం రోజులూ ఆమె ఆ అంకెల ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఓరగా చూసుకుంటూనే ఉంది, దాచుకున్న ఉత్తరాన్ని చూసుకున్నట్టు.

పండగ ముందురోజు మధ్యాహ్నం అత్తగారు తనే గట్టు నుంచి తట్టెడు మట్టి తెచ్చి గుమ్మంలో పెట్టింది. “కనియా, పట్టు.”

“మూడు నెలలు వద్దు, అత్తమ్మా.”

లలన్ మంచం మీది నుంచే అన్నాడు. “గోడే కదా. రెండు గంటల పని. అమ్మ మొహం చూసి చేసెయ్.”

రెండు గంటలని ఆయనకెవరు చెప్పారో. పెళ్లయిన ఏడేళ్లలో ఆ గోడకి ఆయన వీపు ఆన్చాడు, చెయ్యి ఆన్చలేదు. నూతన్ చెంగు నడుంలో దోపి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. వీధిలో ధడేలుమని ఒక తలుపు మూసుకున్న చప్పుడైంది. సౌరాఠ్‌వాలీ ఇల్లు. నూతన్ వెనక కట్టుకున్న చేతుల్లో ఒక వేలు మడిచింది. కాసేపటికి ఇంకో తలుపు, ఇంకో వేలు. తర్వాత వరసగా రెండు. ఎవరో అత్త తిడుతోంది, ఎవరో కోడలు నవ్వాపుకోలేక దగ్గుతోంది. మూడిళ్ల నుంచి మాత్రం మట్టి చరుస్తున్న చప్పుడు వినబడింది. వాళ్లని తప్పు పట్టాలనిపించలేదు. ఐదు. ఆరు. ఏడు.

“ఊరంతా పాడు చేశావు” అంది అత్తగారు. “ఈ గోడ మీద నలభయ్యేళ్లుగా నా చెయ్యి ఉంది. భుజం పైకి లేవని రోజు వచ్చింది కాబట్టి నిన్ను అడుగుతున్నా. రేపు నీ నెత్తిన చల్లనీళ్లు పొయ్యను, చెబుతున్నా. దీవెన లేకుండా ఏడాదంతా మాడు.”

నూతన్ లోపలికి చూసింది. తెల్లటి గోడ వారగా రంజు, మిఠ్ఠూ ఒకే చాప మీద పడుకుని ఉన్నారు. పిల్ల కాలు రంజు పొట్ట మీద ఉంది.

“పోయినేడు మందు మీద మట్టి కప్పింది నేనే, అత్తమ్మా. రంజుకి జ్వరం తెచ్చింది నా చేతులే. నేను చూశాను, నా వేళ్లే ఉన్నాయి దాని మీద. మళ్లీ కప్పను.”

అత్తగారి మొహంలో కోపం ఉన్నచోటే ఉండిపోయింది గానీ కళ్లు మాత్రం కదిలాయి. రంజు వైపు, గోడ వైపు, తన చేతుల వైపు.

“నీ చేతులా” అంది చాలా నెమ్మదిగా. “అలకమన్న నోరెవరిది?”

ముసలామె గడప దగ్గర నుంచి లోపలికి చూసింది. పొయ్యి దగ్గర నానిన బియ్యం, రుబ్బని శనగలు అలాగే ఉన్నాయి. “పో” అంది చివరికి. “బయటే ఉండు. నీ మొహం చూడలేను.” నూతన్ గడప దాటి వరండాలోకి వచ్చింది. వీధి పొడవునా గుమ్మాల ముందు ఆడవాళ్లు కూచుని ఉన్నారు. విభ చెయ్యెత్తి ఊపింది.

అత్తగారు గుమ్మంలోని మట్టి తట్టని కాలితో ఒక్క తోపు తోసింది. అది దొర్లి వరండాలో, నూతన్ కాళ్ల దగ్గర ఆగింది. తర్వాత మట్టినీ కోడలినీ బయటే ఉంచి తలుపు మూసి గడియ పెట్టుకుంది. నూతన్ ఎనిమిదో వేలు మడిచింది.