బొంకు నేర్వని చేయి

శరత్కాలము ముదిరి జపానుదేశమున ఇవనుమదుర్గమును పరివేష్టించిన గిరిశిఖరముల వృక్షపత్రములన్నియు రుధిరవర్ణము దాల్చి సాయంకాలవాయుతాడనమున రాలి దుర్గప్రాంగణమెల్ల నప్పుడే ముగిసిన రణరంగమువలె గన్పట్టుచున్న వేళ కథకుడైన గెన్సుకె మోకాళ్ళు మడచి సభామధ్యవేదికపై నాసీనుడయ్యెను. అతని చేత నొక విసనకఱ్ఱ తప్ప మఱి సాధనము లేదు. ఆ దేశపు కథకులకు అంతకు మించి యక్కఱయు లేదు. కూర్చున్న చోటు కదలక మోము కుడికి త్రిప్పి యొక పాత్రయు నెడమకు త్రిప్పి వేఱొక పాత్రయు నగుచు ఆ విసనకఱ్ఱనే ఖడ్గముగా శూలముగా పానపాత్రగా జూపుచు లోకమునెల్ల నొక చాపమీదికి దింపగలరు.

ఆనాటి కథ మూడు నెలల క్రిందట యుద్ధభూమిని కూలిన ప్రభువు మునెహారుని వీరమరణము. వినువారు మృతుని తల్లియైన వృద్ధ షిగెనోదేవియు నలువదిమంది యోధులును. చెప్పించువాడు అన్న పోయినవెనుక గద్దెనెక్కిన తమ్ముడు తదకగె. అన్న శత్రువున కెదురొడ్డి ఱొమ్మున శూలపుపోటు తిని పడెనని చెప్పవలెననియు ఒక్క మాట తప్పినను తల దక్కదనియు నతడు శాసించెను. సేనవెంట నడచిన గెన్సుకె ఆనాడు గడ్డిమోపుల చాటున దాగి తమ్ముడే వెనుకనుండి వచ్చి యన్న వీపున కత్తి దింపుట కన్నులార గాంచెనని తదకగె యెఱుగడు.

గెన్సుకె పిఱికివాడు. దీనిని దాచనేల? తన కన్నము పెట్టిన ప్రభువు హత్యను కప్పిపుచ్చుటకు లోలోన సిగ్గుతో చచ్చుచునే ప్రాణములమీది తీపిచే ఏడు దినములు తలుపు మూసికొని యా బొంకును వల్లెవేసెను. చేతికి మాత్రము పాఠము చెప్పలేదు. ముప్పది యేండ్లుగా మాటకు క్షణము ముందే తనంత తాను కదలు చేతికి వేఱుగ నభ్యాసమేల యని తలచెను. అతని వృత్తివారు దక్క మఱియెవ్వరును చేయజాలని పొరపాటది.

కథ సాగెను. విసనకఱ్ఱ లేచినంతనే శత్రుశిరస్సులు తెగి నేల దొర్లినట్లును గుఱ్ఱముల పేగులు కాళ్ళకు జుట్టుకొన తూలుచు భటులు తెగిన భుజములను త్రొక్కుచు పోరినట్లును సభికులకు దోచెను. తల్లి కన్నీరు తుడుచుకొనెను. తదకగె మెచ్చుకోలుగా తల యూచెను.

అంతట మరణఘట్టము వచ్చెను. నోరు తెఱచుటకు క్షణము ముందే విసనకఱ్ఱ కుడిచేతినుండి యెడమచేతికి మాఱెను. ఆ చేయి గడ్డిమోపుల చాటున కన్ను చూచినదానినే యెఱుగును గాని నోరు వల్లించినదాని నెఱుగదు. అది పైకెగసి ఎదుట లేని మనుజుని వీపున దిగి మెలితిరిగి వెలికివచ్చి మోకాలికి రెండుమాఱులు తుడుచుకొనెను. పిదప నోరు శూలమనియు వక్షమనియు పలికెను. అప్పటికి వినువాడెవ్వడు?

షిగెనోదేవి చిన్నకొడుకును జూచెను. యోధకులమున నెడమచేతివాటము తలవంపులని బాల్యమున వాని యెడమచేతిని గట్టి మాన్పించినది ఆమెయే. ఆ కట్టు త్రెంచుకొని పెంపుడుకుక్కను పొడిచి చంపి కత్తిని మోకాలికి రెండుమాఱులు తుడుచుకొనిన యెనిమిదేండ్ల పసివాడు ఆమె కన్నులయెదుట నిలిచెను.

"కథకా! నీ చేయి కల్లలాడుచున్నది!" అని తదకగె యఱచుచు దుమికెను. కోపమున మేను మఱచి యెడమచేత ఖడ్గము దూసి గెన్సుకె యెడమ మణికట్టును నఱకెను. విసనకఱ్ఱను విడువని చేయి చాపపై పడి గిలగిల కొట్టుకొనెను. నెత్తురు యోధుల ముఖములపై చిమ్మెను. అంతట తదకగె కత్తిని మోకాలికి తుడుచుకొనెను. ఒకమాఱు. మఱియొకమాఱు.

"నాయనా! ఆ చేతిని చిన్ననాడు కట్టితిని గాని కడదాక కట్టియుంచనైతిని. పాపము నాది" అని షిగెనోదేవి యోధులవంక దిరిగి "కథ యంతయు చూచితిరి గదా. ఇక ముగింపుడు" అనెను.

నలువది ఖడ్గము లొక్కమాఱుగ లేచెను. తదకగె మెడయు భుజములును చీలి వేదికమెట్లపై కూలెను. తల్లి మోము త్రిప్పుకొనలేదు. వాని తలను ఒడిలోనికి దీసికొని గుండెలవిసిపోవ నేడ్చెను.

గెన్సుకె బ్రతికెను. పదునొకండేండ్లు కథలు చెప్పెను. కత్తి దూయు ఘట్టము వచ్చినపుడెల్ల మాటకు క్షణము ముందు అతని యెడమ యంగీచేతి ఖాళీ కొన కదలుచుండెను. ప్రభువు నెదిరించిన ధీరుడవని యెవ్వరైన పొగడిన నతడు తల వంచుకొని "అయ్యా! నేనా సభలో అబద్ధమే చెప్పితిని. ధీరమైన యా చేయి కొండక్రింద పూడ్చబడి యున్నది" అనుచుండెను.