పదికి మూడు

బడిలో పిల్లలు నాకు పెట్టిన పేరు మిరపకాయ మాస్టారు. లెక్కలు చెప్పేవాడికి, అందులోనూ నాలాంటి కోపిష్ఠికి, అంతకంటే మంచి పేరు వస్తుందని నేనూ ఆశపడలేదు. మూడేళ్లుగా కాంట్రాక్టు మీదే నెట్టుకొస్తున్నాను. నన్ను పర్మనెంటు చేసే కాగితం ప్రిన్సిపాల్ మేడం బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. "ఈ వారం ఒక్కటీ ఆ నోరు కాస్త అదుపులో పెట్టుకోండి" అని మా ఆవిడ కాఫీతో పాటే ఓ హెచ్చరిక కూడా చేతిలో పెట్టి పంపింది.

సరిగ్గా ఆ వారమే పై ఆఫీసు నుంచి ఫారాలు వచ్చాయి. బడిలో పనిచేసే వాతావరణం ఎలా ఉందో టీచర్లూ రాయాలి, ప్రిన్సిపాలూ రాయాలి. టీచర్లు పేరు వేయనక్కర్లేదు. అన్నీ చదివి పైకి పంపాల్సింది మాత్రం మేడమే.

"మీ ప్రిన్సిపాల్‌ను కలిసి మాట్లాడటం సులువేనా?" అన్న ప్రశ్న దగ్గర నాకు ఒళ్లు మండింది. ఆవిడ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కాదనను. కానీ పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చోవాలి. అల్లరి చేసిన పిల్లల్ని పంపేదీ ఆ బెంచీకే. ఓసారి పక్కన కూర్చున్న ఐదో తరగతి పిల్ల నా వంక జాలిగా చూసి, "మీరేం చేశారు మాస్టారూ?" అని అడిగింది. ఆ తర్వాత నేను అటు వెళ్తే ఒట్టు. ఇదంతా రాసి పడేశాక గానీ నా కడుపు చల్లబడలేదు.

ఫారం ఇచ్చేసి ఇంటికెళ్తుంటే బస్సులో గుర్తొచ్చింది. చేతికున్న అలవాటు కొద్దీ ఫారం పైన ఎర్ర సిరాతో పదికి మూడు వేసి, చుట్టూ సున్నా చుట్టాను. అడుగున, తప్పిన పిల్లల పేపర్ల మీద రాసినట్టే, "వచ్చి నన్ను కలువు" అని రాశాను. గారూ లేదు, అండీ లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ రాత ఎవరిదో మా బడిలో గోడలు కూడా చెబుతాయి.

మా ఆవిడకు చెబితే తిట్టలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

మర్నాడు ఆఖరి గంట కొట్టాక ఖాళీ తరగతిలో బోర్డు తుడుస్తుంటే మేడం వచ్చారు. పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. చేతిలో రెండు ఫారాలున్నాయి.

"కలవమన్నారుగా, వచ్చాను."

"అలవాటులో పొరపాటు మేడం" అన్నాను.

ఆవిడ తన ఫారం చూపించారు. అదే ప్రశ్నకు "చాలా సులువు" అని, తనకు తానే పదికి పది వేసుకున్నట్టు రాసుకున్నారు. "తలుపు మూయను కదా, ఎవరైనా వస్తారనుకున్నా. నా కుర్చీలోంచి ఆ బెంచీ కనబడదండీ. మూడేళ్లలో ఒక్కసారైనా చెప్పొచ్చు కదా?"

"ఎలా చెప్పను మేడం? నా కాగితం మీద సంతకం పెట్టాల్సింది మీరేగా."

నోరు జారింది. ఆవిడ లేచి వెళ్లిపోయారు. ఇంటికెళ్లి ఏ మొహంతో చెప్పాలా అనుకుంటూ డస్టర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఐదు నిమిషాల్లో తిరిగొచ్చారు, వెంట గుమస్తా. నా కాగితం బల్ల మీద పెట్టి సంతకం చేశారు. గుమస్తా ముద్ర వేసి పట్టుకెళ్లిపోయాడు.

"ఇక మీ ఉద్యోగం నా చేతిలో లేదు" అన్నారు మేడం, మళ్లీ అదే బెంచీలో ఇరుక్కుని కూర్చుంటూ. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఆ ఏడు మార్కులూ ఎక్కడెక్కడ పోయాయి?"

నా మాట అడిగే ముందు నా భయం తీసేసిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. కళ్లు చెమర్చాయి. ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"చాలా ఉన్నాయి మేడం, రాసుకోండి" అన్నాను.