గొట్టం కింద చెయ్యి

"ఆ ల్యాబులో ఏదో ఒక రోజు ఏదో ఒకటి పేలుతుంది చూడు. పేలాక నాకెవరు చెప్తారే? నువ్వే చెప్పాలి, చెప్పగలిగే స్థితిలో ఉంటే."

ప్రతి ఆదివారం లాగే చర్చి నుంచి వచ్చి, టోపీ కూడా తీయకుండా, యూడోరా కూతురికి ఫోన్ చేసి అన్న మొదటి మాట అది. అవతల ట్రినిడాడ్‌లో హాస్టల్ మంచం మీద కూచున్న ఆల్డినా నవ్వింది. తాను చదివేది బాంబుల చదువు కాదంది. అందరి అమ్మలూ తిన్నావా అని అడుగుతారు, నువ్వొక్కదానివే పేలిందా అని అడుగుతావంది. యూడోరా నవ్వలేదు. తిన్నావా అని అడిగింది, ఏం తిన్నావని అడిగింది, అది నిన్నటిది కాదు కదా అని కూడా అడిగింది.

ఆమె భయాలకు అంతూ పొంతూ లేదు. డొమినికాలో, కొండ అంచున, కింద సముద్రం కనిపించే ఇంట్లో కూచుని, మధ్యలో నాలుగు దీవుల అవతల ఉన్న పిల్ల గురించి ఆమె రోజుకో కొత్త ఆపద కనిపెట్టేది. బస్సు బోల్తా పడుతుంది. ఎవడో మాయమాటలు చెప్తాడు. అన్నిటికంటే పెద్ద భయం ఆ చదువే. రెండేళ్ళ కిందట ఆల్డినాకు సీటు వచ్చిన రోజున, కెమికల్ ఇంజినీరింగ్ అన్న మాటలో ఆమె చెవిన పడింది కెమికల్ అన్న ముక్క ఒక్కటే. కెమికల్ అంటే ఆమెకు తెలిసింది అరటి తోటల్లో గడ్డి చావడానికి కొట్టే మందు. దాని డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. పుర్రె బొమ్మ ఉన్నదాన్ని నాలుగేళ్ళు కూచుని చదవడమేమిటని ఆ రోజు పొయ్యి మీది అన్నం కూడా దించకుండా ఏడ్చింది.

"ఏడవకే చెల్లీ," అన్నాడు అప్పుడు ఆమె అన్న హెస్కెత్. "మనం చేసేది మాత్రం ఏంటి? మనదీ అదే పని. దానికి సర్టిఫికెట్ ఇస్తున్నారంతే."

వాళ్ళది బే ఆకు నూనె, అదే సెంట్లలో కలిపే నూనె, తీసే బట్టీ. కొండ మీది రైతులు కొమ్మలు నరికి మోపులు కట్టి తెస్తే, వంతుల వారీగా పెద్ద రాగి కుండలో కుక్కి, కింద మంట పెట్టి, ఆవిరి పట్టి నూనె దించుతారు. మంట హెస్కెత్‌ది. నూనె యూడోరాది. భర్త పక్క దీవి గ్వాడలూప్‌కు పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నప్పటి నుంచి ఆ బట్టీయే తల్లీకూతుళ్ళను పోషించింది. మంటల పక్కనే బతికిన మనిషికి ఎక్కడో గాజు సీసాలంటే అంత భయమెందుకో ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. బట్టీ దగ్గరైతే తానుంటుంది కదా. అక్కడ తాను లేదు. అంతే.

మార్చి మొదటి ఆదివారం ఆల్డినా ఫోన్ ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. బాగున్నాను, పరీక్షలు, తర్వాత మాట్లాడతా. రెండో ఆదివారమూ అదే, ఇంకా పొట్టిగా. ఎప్పుడూ పేరాలు పేరాలు రాసే పిల్ల మూడు మాటలతో సరిపెడుతోందంటే ఏదో అయిందని యూడోరా అంది. చదువుకుంటోంది అని అర్థమని హెస్కెత్ అన్నాడు. నువ్వు ఐదో తరగతి దాటి ఉంటే ఆ సంగతి నీకు తెలిసేదని కూడా అన్నాడు. ఆమె పట్టించుకోలేదు. గొంతు వినపడని పిల్ల ఉన్నట్టా లేనట్టా అని ఆ రెండ్రోజులూ కనిపించిన వాళ్ళనల్లా అడిగింది.

బుధవారం ఆల్డినా గదిలోనే ఉండే గ్రెనడా అమ్మాయి నెరిస్సా తనంతట తానే ఫోన్ చేసింది. ఆంటీ, నేను చెప్పానని చెప్పకండి అని మొదలుపెట్టింది.  మిగతాది యూడోరా గడప మీద కూచుని వింది.

ల్యాబులో ఆల్డినా చెయ్యి కాలింది. ఆవిరి పట్టే యంత్రం ఒకటుంది, దాని గొట్టం కింద గ్లవ్ తీసేసి వట్టి చెయ్యి పెట్టింది. పడింది మసిలే ఆమ్లం. డాక్టర్లు చూశారు, మానుతుంది. అసలు గొడవ అది కాదు. గ్లవ్ తీసిందని ల్యాబులోకి రానివ్వడం లేదు. శుక్రవారం ముగ్గురు టీచర్లు కూచుని విచారిస్తారు. పొరపాటు చేసినవాళ్ళని వాళ్ళు పంపెయ్యరట, ఏం పొరపాటు చేశారో చెప్పలేని వాళ్ళనే పంపేస్తారట. ఇదేమో నోరు విప్పదు. ల్యాబు పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే గవర్నమెంటు స్కాలర్‌షిప్ పోతుంది. చదువు మానేసి ఇంటికి పోతానని సామాను వైపు చూస్తూ కూచుంటోంది.

గురువారం పొద్దున్నే యూడోరా జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళు తెరవలేదు. రెక్క ఊగుతోందేమో చెప్పమని పక్క సీటాయనను మూడుసార్లు అడిగింది. నాలుగోసారి ఆయన నిద్ర నటించాడు. ఒళ్ళో సంచిలో చేమదుంపలు, ఉప్పుచేప, రొట్టెలు. మనసులో ఒకటే లెక్క. ఇవాళ వెళ్ళడం, పిల్లను తీసుకుని రేపు వచ్చెయ్యడం. ఎవరేం విచారించుకుంటారో వాళ్ళిష్టం.

తలుపు తీసిన ఆల్డినా తల్లిని చూసి కొయ్యబారిపోయింది. కుడి చేతికి మణికట్టు నుంచి వేళ్ళ దాకా కట్టు ఉంది.

రెండేళ్ళుగా యూడోరా ఊహల్లో ఆ పిల్లకు కళ్ళు పోయాయి, వేళ్ళు పోయాయి, ఒక్కోసారి పిల్లే పోయింది. ఇప్పుడు ఎదురుగా నిలబడ్డదానికి కళ్ళున్నాయి. కట్టు చివర ఐదు వేళ్ళూ కనిపిస్తున్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే ముట్టుకుని లెక్క చూసుకుంది. ఇన్నాళ్ళూ భయపడిందేదో జరిగిపోయింది, తాను ఇంకా నిలబడే ఉంది. ఏడవాలని కూడా తోచలేదు. సంచి విప్పి రొట్టె తీసి పిల్ల ఎడమ చేతిలో పెట్టింది.

సగం రొట్టె తిన్నాక ఆల్డినా అంది. "ఇంటికి పోదామమ్మా."

ఆ మాట కోసమే కదా సముద్రం మీద ఎగిరొచ్చింది. యూడోరా ఒంగి మంచం కింది పెట్టె లాగింది. బట్టలు మడత పెడుతూ, బట్టీ దగ్గర పనికి మనిషి దొరకడం లేదని, మావయ్యకు నడుం నొప్పని, నువ్వొస్తే ఎంత తేలికో అని చెప్పుకుపోయింది. చెప్తూ చెప్తూ బల్ల మీది పుస్తకాలు ఎత్తబోతే ఒక కాగితం జారింది. విచారణ కాగితం. ఎడమ చేత్తో వంకర టింకరగా నింపిన గడులు. ఒక్క గడి ఖాళీ. దాని పైన అచ్చులో ఉన్న ప్రశ్నను ఆమె వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. అలా ఎందుకు చేశారు?

"ఎందుకు చేశావే?"

ఆల్డినా గోడ వైపు తిరిగింది. తర్వాత గోడకే చెప్పింది. గొట్టం లోంచి చుక్క పడుతుంటే చెయ్యి దానంతట అదే వెళ్ళిందంది. గ్లవ్ వేసుకుంటే వాసన తెలియదు కదా, అందుకే తీసిందట. చుక్కను మణికట్టు లోపలి వైపు పట్టుకుని, రుద్ది, వాసన చూద్దామని.

యూడోరా చేతిలోని చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

నూనె దించేటప్పుడు ఆమె చేసే పని అదే. ఆమె తల్లి చేసిందీ అదే. మొదట వచ్చే నూనె తేలిక, నీళ్ళ మీద తేలుతుంది, నిమ్మ తొక్క వాసన. తర్వాత వచ్చేది బరువు, నీళ్ళ అడుక్కి పోతుంది, లవంగం ఘాటు. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో చెప్పడానికి బట్టీ దగ్గర ఏ మీటరూ లేదు. మణికట్టు మీద చుక్క పట్టి రుద్ది చూడాల్సిందే. ఆల్డినాకు ఆరేళ్ళప్పుడు ఆ చిన్న చెయ్యి పట్టుకుని గొట్టం కిందికి చాపించింది తానే.

"కానీ మన చుక్క చల్లగా ఉంటుంది కదే," అంది యూడోరా. "గొట్టం వాగు నీళ్ళ తొట్టిలో మునిగి కదా వచ్చేది."

"ఇక్కడ చల్లార్చే నీళ్ళకి కుళాయి ఉంటుందమ్మా. అది తిప్పాలి. తిప్పారో లేదో నేను చూళ్ళేదు. మన వాగుకి కుళాయేదీ." ఆల్డినా ముక్కు ఎగబీల్చింది. "నా పక్కనున్నవాడు అప్పుడే అన్నాడు. చిన్న దీవి పిల్లలు గొట్టం కనిపిస్తే చెయ్యి పెడతారు, లోపల రమ్ము ఉందనుకుంటారు అని. అందరూ నవ్వారు."

"నవ్వితే? ఆ మాటకే కాగితం నింపలేదా?"

"నింపితే నీ పేరు రాయాలి. మా అమ్మ నేర్పింది అని రాయాలి. వాళ్ళు నీ మీద నవ్వుతారు."

యూడోరా మంచం అంచున కూచుంది. ఆమె ఎప్పుడూ ఊహించని ఆపద ఇది. పేలేది ల్యాబేనని కాచుకుని కూచుంది గానీ, తన చేతి అలవాటు పిల్ల చేతిలో ఉండి ఇంత దూరం వచ్చి కాలుస్తుందని ఏ రోజూ అనుకోలేదు. తాను నోరు మూసుకుంటే చాలు, రేపు ఈ పాటికి పిల్ల ఇంట్లో ఉంటుంది. ఏ బస్సూ బోల్తా పడదు. ఎవడూ మాయమాటలు చెప్పడు. రోజూ కళ్ళ ముందే తిరుగుతుంది.

పెట్టెలో సర్దిన నోటుపుస్తకం ఒకటి ఎందుకో బయటికి తీసి తిరగేసింది. ఒక పేజీలో పెన్సిలు బొమ్మ. కుండ, కుండ మీద మూత, మూతలోంచి వంగిన గొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళు. ప్రతిదాని పక్కనా బాణం గుర్తు, అక్షరాలు.

"ఇది మన బట్టీయే కదే."

"మనదీ అంతే, వాళ్ళదీ అంతే," అంది ఆల్డినా. గోడ వైపు నుంచి కొంచెం ఇటు తిరిగి, కట్టు ఉన్న చేత్తోనే బొమ్మ మీద చూపించింది. ఇక్కడ ఎంత ఆకు వేశాం, ఇక్కడ ఎంత ఆవిరి పోయింది, ఎంత నూనె నీళ్ళల్లో కలిసి వృథా అయింది, అదంతా లెక్క కట్టొచ్చట. మన తొట్టిలో నీళ్ళు పైనుంచి కాకుండా కిందనుంచి పారించి ఉంటే ఇన్నేళ్ళూ ఇంకాస్త నూనె దక్కేదట. నూనె మారిందో లేదో ఒక చుక్కలోంచి వెలుతురు ఎంత వంగిందో చూసి చెప్పే పనిముట్టు ఉందట. చెప్తున్నంతసేపూ పిల్ల గొంతు మామూలుగా ఉంది. ఆదివారం ఫోన్లో వినపడే గొంతు.

యూడోరా పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది.

"నువ్వు ఇంటికొస్తానన్నప్పుడు నాకు సంతోషమైందే," అంది అటు తిరిగే. "నిజం చెప్తున్నా. ఇంత పెద్ద సంతోషం ఈ మధ్య లేదు. నీ ఏడాది పోతోందని ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు. అలాంటి అమ్మ మాట వినకు. ఇక నా మీద నవ్వడమంటావా, నన్ను చూసి మీ మావయ్య రోజూ నవ్వుతాడు. నేనేమైనా అరిగిపోయానా?"

 ఆల్డినా కాగితం తీసుకుని బల్ల మీద పెట్టింది. ఆ గడి మాత్రం ఖాళీగానే ఉంది.

శుక్రవారం పది గంటలకు విచారణ. వెంట ఒకరు రావచ్చు, కానీ మాట్లాడకూడదన్నారు. యూడోరా చర్చి టోపీ పెట్టుకుని గోడ పక్క కుర్చీలో కూచుంది. ఎదురుగా పొడవాటి బల్ల. ఇద్దరు మగ టీచర్ల మధ్య డాక్టర్ రామ్‌సరన్ అనే ఆవిడ. నెరిసిన జడ, కళ్ళద్దాలు గొలుసుకు వేలాడుతున్నాయి. కరుకుగా ఏమీ లేదావిడ. చెయ్యి ఎలా ఉందని ముందు అదే అడిగింది. గ్లవ్ ఎప్పుడు తీశావు, యంత్రం ఎవరు మొదలుపెట్టారు, పక్కన ఎవరున్నారు, అన్నీ ఒక్కొక్కటే అడిగింది. ఆల్డినా అన్నిటికీ చెప్పింది. తర్వాత ఆవిడ కాగితం ఇటు తిప్పి ఖాళీ గడి మీద పెన్ను పెట్టింది.

"ఇది కావాలమ్మా నాకు. రెండేళ్ళుగా చూస్తున్నాను, నువ్వు అజాగ్రత్త మనిషివి కాదు. ఎందుకు పెట్టావు చెయ్యి?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మగవాళ్ళలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఆల్డినా బల్ల అంచును చూస్తోంది. నేనేనమ్మా, నేను నేర్పాను అన్న మాట యూడోరా నాలుక చివర దాకా వచ్చి నిలబడింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూచుంది. పిల్ల చెప్పదు. చెప్పలేదు. లేచి వచ్చేస్తుంది. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. రామ్‌సరన్ తొందరపెట్టలేదు. కళ్ళద్దాలు తీసి కిందికి వదిలింది, అవి గొలుసుకు ఊగి ఊగి ఆగాయి. రెండో ఆయన ఫైలు మూసి లేవబోయాడు. ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తి ఆయన్ని కూచోబెట్టింది.

ఆల్డినా తలెత్తింది.

"మాది బే ఆకు బట్టీ, మేడమ్," అంది. "అదిగో, అక్కడ కూచున్నావిడ మా అమ్మ. నూనె దించేది ఆవిడే. ఎలా దించుతుందో మొత్తం చెప్తాను, వింటారా? అది చెప్పకపోతే నేను చల్లార్చే నీళ్ళు ఎందుకు చూసుకోలేదో మీకు అర్థం కాదు."